ఆ రోజు నేను అబద్ధం చెప్పాను: ‘శక్తి’ సినిమా గురించి ఒక ఫ్యాన్ మాట

అద్దంకి నుంచి మాట్లాడుతున్నా. చాలా రోజులుగా మీలో కొంతమంది ఒకటే అడుగుతున్నారు. "అన్నా, నువ్వు తారక్ ఫ్యాన్‌వి కదా, ‘శక్తి’ గురించి ఎప్పుడు మాట్లాడతావ్?" అని. కొంతమంది నిజంగా తెలుసుకుందామని అడిగారు, కొంతమంది నన్ను గిల్లుదామని అడిగారు. ఇద్దరికీ ఈ రోజు సమాధానం చెబుతా.

ముందే ఒక మాట. ఇది ట్రోలింగ్ వీడియో కాదు. ‘స్టూడెంట్ నంబర్ వన్’ పాటలు టేపు రికార్డర్‌లో అరిగిపోయేదాకా విన్న ఇల్లు మాది. ‘సింహాద్రి’ ఎన్నిసార్లు చూశానో లెక్క కూడా లేదు. ఇప్పటికీ తారక్ సినిమా వస్తోందంటే నాకు ముందురోజు రాత్రి నిద్ర పట్టదు. అట్టాంటోడు ‘శక్తి’ బాలేదు అని చెప్పడానికి ఎందుకు ఇన్నేళ్ళు పట్టింది, అసలు ఆ సినిమా ఎక్కడ తేడా కొట్టింది, ఈ రెండు విషయాలూ ఈ ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.

ఆ శుక్రవారం

2011 ఏప్రిల్ 1, శుక్రవారం. నాకప్పుడు ఇంటర్ ఫస్టియర్ పరీక్షలు అయిపోయాయి. మా వైపు ఆ టైం అంటే మిరపకాయల టైం. కల్లాల్లో ఎర్రగా కాయలు ఆరబోసి ఉంటాయి, గుంటూరు యార్డుకి టిక్కీలు ఎక్కించిన లారీలు రాత్రీ పగలూ తిరుగుతుంటాయి. కోతకొచ్చిన కూలీలకి చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి. సాయంత్రం పని దిగాక స్నానం చేసి సెకండ్ షోకి వస్తారు. అంటే హాలుకి మంచి సీజన్ అన్నమాట.

దానికి ముందు బుధవారమే మొహాలీలో పాకిస్తాన్ మీద సెమీఫైనల్ గెలిచాం. శనివారం ముంబైలో శ్రీలంకతో వరల్డ్ కప్ ఫైనల్. సోమవారం ఖర నామ సంవత్సర ఉగాది. మధ్యలో మా తారక్ సినిమా. ఊరంతా పండగే అనుకోండి.

మా మేనమామ అప్పట్లో ఊళ్ళో ఒక హాలు దగ్గర సైకిల్ స్టాండు, క్యాంటీను పాటకి తీసుకున్నాడు. హాలు పేరు వద్దులెండి. పొద్దున ఆటకి నేను, మా బ్యాచ్ వెళ్ళాం. కొబ్బరికాయలు కొట్టాం, పేపర్లు చించి ఎగరేశాం. తెర మీద వైజయంతీ మూవీస్ బొమ్మ పడింది. ఆ లోగోలో శంఖం పూరించే కృష్ణుడు ఎవరో తెలుసుగా? పెద్దాయనే, ఎన్టీ రామారావు గారు. తాత బొమ్మతో మొదలై మనవడి సినిమా. అప్పుడు నా ఒంటి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. అది మాత్రం ఇప్పటికీ నిజం.

ఫస్టాఫ్‌లో ఈలలు బానే పడ్డాయి. కాశ్మీరు అందాలు, మణిశర్మ పాటలు, తారక్ డ్యాన్సులు. సెకండాఫ్ నడిచేకొద్దీ హాల్లో ఒక రకమైన నిశ్శబ్దం వచ్చింది. ఎవరూ తిట్టట్లేదు, అరవట్లేదు. కుర్చీల చప్పుడు మాత్రం వినపడుతోంది. హాలుకెళ్ళే అలవాటున్నోళ్ళకి తెలుసు, తిట్లకన్నా అది భయంగా ఉంటుంది.

బయటికి రాగానే స్టాండు దగ్గర మామ అడిగాడు. "ఏం అల్లుడూ, బొమ్మెట్టా ఉంది? నిజం చెప్పు. ఉగాదికి పఫ్‌లు, సమోసాలు రెండింతలు చెబుదామనుకుంటున్నా. ఈ రోజే అడ్వాన్సు ఇవ్వాలి."

నేనేమన్నానో తెలుసా? "బ్లాక్‌బస్టర్ మామా. రాసిపెట్టుకో, వంద రోజులు."

మామ అడ్వాన్సు ఇచ్చేశాడు. శనివారం మధ్యాహ్నం నుంచి ఊరంతా టీవీల ముందే, అది వేరే సంగతి. ధోనీ సిక్స్ కొట్టాక రాత్రంతా బాణాసంచా. ఆదివారమైనా జనం రావాలి కదా, రాలేదు. ఉగాది రోజు ఫస్ట్ షోకి స్టాండులో ఉన్న బళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మూడు ట్రేల పఫ్‌లు మిగిలిపోయాయి. ఆ రాత్రి మా ఇంట్లో ఉగాది పచ్చడి తర్వాత అందరం అవే తిన్నాం.

మామ నన్ను ఒక్క మాట తిట్టలేదు. పఫ్ తింటూ అన్నాడు: "నీకు నచ్చలేదని నీ మొహంలోనే కనపడింది అల్లుడూ. అయినా నీ మాట నమ్మా. తప్పు నాదేలే."

ఆ పఫ్ నాకు గొంతు దిగలేదు ఫ్రెండ్స్. అందుకే ఈ ఎపిసోడ్.

‘శక్తి’ సూపర్‌హీరో సినిమానా?

చాలామంది దీన్ని సోషియో ఫాంటసీ అంటారు. నా లెక్కలో అది సూపర్‌హీరో సినిమానే. ఎందుకో చెబుతా. కథ ఏంటి? అష్టాదశ శక్తి పీఠాలు, వాటి వెనక ఒక మహిమ. దాన్ని కాపాడటానికి తరతరాలుగా ఒక రక్షకుడు. ఆ మహిమ కోసం ఈజిప్టు నుంచి వచ్చే విలన్లు. రక్షకుడి చేతికి ఒక దివ్యమైన త్రిశూలం. మామూలుగా కనిపించే హీరో చివరికి ఆ బాధ్యత తలకెత్తుకుంటాడు. పేర్లు మార్చి చూడండి, అమెరికా కామిక్ పుస్తకాల కథ సరిగ్గా ఇట్టాగే ఉంటుంది.

సూపర్‌హీరో అంటే మనకి కొత్తేం కాదు కూడా. హాలీవుడ్‌లో క్రిస్టఫర్ రీవ్ ‘సూపర్‌మ్యాన్’ 1978 డిసెంబరులో వస్తే, 1980లోనే ఎన్టీఆర్ గారు తెలుగులో ‘సూపర్‌మ్యాన్’ చేశారు. వి. మధుసూదనరావు గారు డైరెక్టరు. అక్కడ హీరోకి శక్తి వేరే గ్రహం నుంచి వస్తే, మన సినిమాలో ఆంజనేయస్వామి ఇస్తాడు. మీమ్స్‌లో ఆ డ్రెస్ చూసి మీరు నవ్వుకుని ఉంటారు. సరే నవ్వండి. కానీ ఒక్క విషయం గమనించండి: మన సూపర్‌హీరోకి శక్తి దేవుడి దగ్గర్నుంచి రావాలి అన్న లెక్క అప్పుడే ఉంది. ‘శక్తి’ కూడా ఆ దారిలోదే. కాబట్టి ఐడియా తప్పు అని నేను అనను.

సినిమా పోయాక జనం చెప్పిన కారణాలు నాలుగు. గ్రాఫిక్స్ బాలేవు, రుద్ర వేషం బాలేదు, నిడివి ఎక్కువ, కథ అర్థం కాలేదు. ఇవన్నీ కొంతవరకు నిజమే. కానీ అసలు జబ్బు వీటిలో లేదని నాకనిపిస్తుంది. ఇవి జ్వరం లాంటివి. జ్వరం ఎందుకొచ్చిందో చూడాలి కదా.

డబ్బు, గ్రాఫిక్స్ కాదంటే మరేంటి?

మొదట గ్రాఫిక్స్ సంగతి తేల్చేద్దాం. కోడి రామకృష్ణ గారు డైరెక్టరు, శ్యాంప్రసాద్ రెడ్డి గారు నిర్మాత. ఈ ఇద్దరూ కలిసి 1995లో ‘అమ్మోరు’ తీశారు. అదే ఇద్దరూ 2004 సంక్రాంతికి చిరంజీవి గారితో ‘అంజి’ తెచ్చారు. ఏళ్ళ తరబడి తీశారు. స్పెషల్ ఎఫెక్ట్స్‌కి జాతీయ అవార్డు కూడా వచ్చింది. అయినా హాళ్ళలో ‘అమ్మోరు’ ఆడినట్టు ‘అంజి’ ఆడలేదు.

టీమ్ అదే, గ్రాఫిక్స్ ఇంకా మెరుగు. మరి తేడా ఎక్కడ? ‘అమ్మోరు’లో సౌందర్య గారి పాత్ర గుర్తు తెచ్చుకోండి. దిక్కులేని ఒక కోడలు. అత్తింట్లో ఆమెని బతకనివ్వట్లేదు. అట్టాంటి ఇంటికి అమ్మవారు చిన్న పాపలా వస్తుంది. అమ్మవారి మహిమ కంటే ముందు మనకి ఆ కోడలి కష్టం అర్థమైంది. అందుకే అమ్మవారు కళ్ళెర్రజేస్తే హాల్లో ఆడవాళ్ళకి పూనకాలొచ్చాయి. ‘అంజి’లో ఆత్మలింగం గొప్పదనం నాకు అర్థమైంది. అది దొరక్కపోతే ఎవరి బతుకు పోతుందో మాత్రం గుండెకి తగల్లేదు.

సూపర్‌హీరో సినిమాకి మొదటి సూత్రం ఇదే అని నా నమ్మకం. శక్తి ఎంత పెద్దదో చూపించే ముందు, ఆ శక్తి ఎవరికి, ఎందుకు అవసరమో చూపించాలి.

ఇద్దరు గైడ్లు

ఇప్పుడు ‘శక్తి’కి వద్దాం. ఇక్కడ మీకు ఒక సరదా సంగతి చెబుతా. ‘శక్తి’ నిర్మాత సి. అశ్వనీదత్ గారు. ఆయనే 1990 మే 9న ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ రిలీజ్ చేశారు. ఆ వారం తుఫాను. మన కోస్తా అంతా వాన, వరద. మొదటి రోజుల్లో హాళ్ళ దాకా జనం రాలేని పరిస్థితి. మా నాన్న వాళ్ళు ఇప్పటికీ ఆ గాలివాన గురించి చెబుతారు. ఆ వాన తెరిపివ్వగానే జనం హాళ్ళ మీద పడ్డారు. ఈమధ్య 2025 మే 9న మళ్ళీ త్రీడీలో వేస్తే కూడా వెళ్ళి చూశారు.

ఆ సినిమాలో చిరంజీవి గారు ఏం పని చేస్తాడు? టూరిస్ట్ గైడ్. ‘శక్తి’లో తారక్ మొదట్లో ఎవరిలా కనిపిస్తాడు? టూరిస్ట్ గైడ్! ఒకే బ్యానర్, ఇరవై ఒక్క ఏళ్ళ తేడా, ఇద్దరు గైడ్లు.

మొదటి గైడ్ నిజంగా గైడే. నలుగురు అనాథ పిల్లల్ని సాకుతుంటాడు. అందులో ఒక పాపకి కాలు దెబ్బతింటుంది. ఆపరేషన్‌కి డబ్బుల్లేవు. పాప కాలు బాగవడానికి మూలిక కోసం మానస సరోవరం వెళ్తాడు, అక్కడ ఇంద్రజ ఉంగరం దొరుకుతుంది. అంటే ఇంద్రలోకం దాకా వెళ్ళిన ఆ కథ మొత్తం ఒక పాప కాలి దగ్గర మొదలైంది. మీ ఇంట్లో కూడా ఆసుపత్రి ఖర్చుకి డబ్బులు చూసుకునే రోజు వచ్చే ఉంటుంది. ఆ భయం అందరికీ తెలుసు. తెలిసిన భయంతో మన చెయ్యి పట్టుకుని, తెలియని లోకానికి తీసుకెళ్ళింది ఆ సినిమా.

రెండో గైడ్ గైడ్ కాదు. గైడ్ వేషంలో ఉన్న ఎన్‌ఎస్‌జీ కమాండో. ట్విస్ట్ బాగుంది, ఆ ఒక్క నిమిషం నేనూ ఎగిరాను. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది: ఆ ట్విస్ట్‌తో మన చేతిలో ఉన్న మనిషి జారిపోయాడు. ఫస్టాఫ్ అంతా ఇలియానా చుట్టూ తిరుగుతూ సరదాగా ఉన్న కుర్రాడిని మనం ఇష్టపడ్డాం. వాడు అసలు లేడన్నమాట. వాడి స్థానంలో ఒక కమాండో వచ్చాడు. ఆ కమాండో మీద మళ్ళీ రక్షకుడి వారసత్వం వచ్చింది. అటు ఫ్లాష్‌బ్యాక్‌లో రుద్రగా కూడా తారకే. ఒక్క నటుడు, మూడు పొరలు. ఏ పొర దగ్గర మనం ఆగి "వీడు మనోడు" అనుకోవాలి?

కమాండో అంటే మామూలుగానే పదిమందిని కొట్టగలడు. అట్టాంటోడికి త్రిశూలం ఇస్తే నూరుమందిని కొడతాడు. కొట్టలేనివాడికి బలం వస్తే కథ. కొట్టగలిగినవాడికి ఇంకాస్త బలం వస్తే అది ఫైటు మాత్రమే.

మన ఊరి పుస్తకంలోనే ఉంది

మీరు అనొచ్చు, "అన్నా, దేవుడి శక్తి వచ్చినోడికి కష్టం ఏముంటుంది?" అని. ఇక్కడ మా అద్దంకి గొప్ప కాస్త చెప్పుకోనివ్వండి.

పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా ఏలాడు. ఆయన ఆస్థాన కవి ఎర్రన. టెన్త్‌లో చదువుకున్నాం కదా, కవిత్రయంలో మూడో ఆయన. నన్నయ గారు అరణ్యపర్వం మధ్యలో వదిలేస్తే మిగతాది పూర్తి చేసింది ఎర్రనే. కర్ణుడు కవచకుండలాలు ఇంద్రుడికి ఇచ్చేసే ఘట్టం ఆ మిగతా భాగంలోదే.

ఒక్కసారి ఆ ఘట్టాన్ని సూపర్‌హీరో కథలా చూడండి. పుట్టుకతోనే ఒంటికి అంటుకుని వచ్చిన కవచం. అది ఉన్నంతకాలం ఎవరూ చంపలేరు. ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో వచ్చి అడుగుతాడని తండ్రి సూర్యుడు ముందే చెప్పాడు. ఇస్తే చస్తావని కూడా చెప్పాడు. అయినా కర్ణుడు కోసి ఇచ్చేశాడు. ఎందుకు? అడిగితే లేదనను అన్న మాట ఉంది కాబట్టి. శక్తి ఉన్నప్పుడు కాదు ఫ్రెండ్స్, శక్తిని వదులుకున్నప్పుడు మనకి కర్ణుడు హీరో అయ్యాడు. పెద్దాయన ‘దానవీరశూరకర్ణ’ని జనం నెత్తిన పెట్టుకున్నారంటే అందులో ఇది కూడా ఒక కారణమని నా లెక్క.

ఇంకొకటి. మా ఊరి పక్కనే సింగరకొండ. కొండ మీద నరసింహస్వామి, కింద ప్రసన్నాంజనేయస్వామి. ఫాల్గుణంలో తిరునాళ్ళ జరుగుతుంది, ప్రభలు కడతారు. మా మామ్మ ఆ గుళ్ళో కూర్చోబెట్టి నాకు చెప్పిన కథ ఒకటుంది. హనుమంతుడికి తన బలం తనకే గుర్తుండదు. చిన్నప్పుడు మునులు పెట్టిన శాపం. సముద్రం ఒడ్డున అందరూ దిగాలుగా కూర్చుంటే, జాంబవంతుడు పక్కకొచ్చి "నీ బలం ఇంత" అని గుర్తు చేస్తే అప్పుడు లేచాడు. అంటే అంత బలవంతుడికి కూడా పక్కన ఒక తోడు కావాలి, గుర్తుచేసే మనిషి కావాలి.

2024 సంక్రాంతికి వచ్చిన ‘హను-మాన్’ ఎందుకు ఆడిందో ఇప్పుడు చూడండి. జనవరి 12న రిలీజ్. అదే రోజు మహేశ్ బాబు ‘గుంటూరు కారం’. పెద్ద సినిమా పక్కన చిన్న హీరో తేజ సజ్జా. ప్రశాంత్ వర్మ ఏం చేశాడు? అంజనాద్రి అనే ఊరు కట్టాడు. హీరో చిన్నాచితకా దొంగతనాలు చేసే కుర్రాడు. వాడికో అక్క. మణి దొరికింది, కానీ ఎండ ఉన్నప్పుడే అది పనిచేస్తుంది. పొద్దుగూకితే వాడు మళ్ళీ మామూలు కుర్రాడే. ఆ ఒక్క కట్టుబాటుతో ప్రతి ఫైటులోనూ మనం ఆకాశం వైపు చూశాం. మబ్బు పడితే భయపడ్డాం.

‘శక్తి’లో నాకు ఆ భయం ఒక్కసారి కూడా కలగలేదు. త్రిశూలం ఎప్పుడు పనిచేయదు? రక్షకుడు ఏం పోగొట్టుకోవాలి? తప్పు చేస్తే ఏమవుతుంది? సినిమా చూసి బయటికొచ్చాక వీటికి నా దగ్గర సమాధానం లేదు. పీఠాల పురాణం మాత్రం చాలా విన్నాను. ఆ పద్దెనిమిది పీఠాల్లో నాలుగు మన తెలుగు నేల మీదే ఉన్నాయి: శ్రీశైలం భ్రమరాంబ, అలంపురం జోగులాంబ, పిఠాపురం పురుహూతిక, ద్రాక్షారామం మాణిక్యాంబ. శివరాత్రికి మా ప్రకాశం వైపు నుంచి శ్రీశైలానికి నడిచి వెళ్ళేవాళ్ళు ఎంతమందో! ఆ నడిచేవాళ్ళలో ఒక్క ముసలమ్మని ఈ కథలో పెట్టి, ఆమె గుడి మూతపడుతుందని చెప్పి ఉంటే, ఈజిప్టు విలన్ మీద నాకు నిజంగా కోపం వచ్చేది.

ఇది మన ఒక్కళ్ళ జబ్బు కాదు

అదే 2011లో, జూన్ నెలలో, హాలీవుడ్‌లో ‘గ్రీన్ లాంటర్న్’ వచ్చింది. అక్కడా ఉంగరమే. ర్యాన్ రెనాల్డ్స్ హీరో. మొదలవ్వడమే విశ్వం, కాపలాదారులు, పచ్చ శక్తి, పసుపు శక్తి అంటూ పాఠం. అంత డబ్బు, అంత టెక్నాలజీ ఉన్న వాళ్ళది కూడా బోల్తా కొట్టింది. కాబట్టి "తెలుగోళ్ళకి గ్రాఫిక్స్ చేతకాదు" అన్న ముచ్చట ఇక్కడితో ఆపేద్దాం. పురాణం చెప్పడం మీద ఉన్న శ్రద్ధ మనిషిని చెప్పడం మీద లేకపోతే ఎవరిదైనా అంతే.

రెనాల్డ్స్ తర్వాత ఏం చేశాడో తెలుసా? 2018లో ‘డెడ్‌పూల్ 2’ చివర్లో తన పాత సినిమా మీద తనే జోకు వేసుకున్నాడు. జనం పగలబడి నవ్వారు. తప్పు ఒప్పుకున్న మనిషి మీద ఎవరికీ కోపం ఉండదు. ఫ్యాన్స్‌మి మనం మాత్రం ఎందుకు ఒప్పుకోం?

బాగున్నవి కూడా చెప్పాలి

నిజం చెబుతానన్నా కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. 2011లో ‘బాహుబలి’ ఇంకా రాలేదు. దేశం మొత్తాన్ని కలిపే ఒక పౌరాణిక కథని, పద్దెనిమిది పీఠాలని ఒక తాడు మీద కట్టి పెద్ద సినిమా తీద్దాం అని మెహర్ రమేష్ గారు, అశ్వనీదత్ గారు అనుకోవడమే సాహసం. తారక్ అయితే ఒక్క సీన్లో కూడా బద్ధకించలేదు. కథ మోయనప్పుడు కూడా తను మోయాలని చూశాడు. అదే నాకు ఎక్కువ బాధ. సామాను ఎక్కువైన బండికి ఎంత మంచి ఎద్దుని కట్టినా దిగబడుతుంది.

ఆ తర్వాత ఏమైంది? అదే సంస్థ నుంచి 2018లో ‘మహానటి’ వచ్చింది. 2024 జూన్ 27న ‘కల్కి 2898 ఏడీ’ వచ్చింది. రక్షకుడు, పురాణం, రాబోయే కాలం, అన్నీ కలిపిన కథ. కానీ మధ్యలో ఏముంది? కడుపుతో ఉన్న ఒక ఆడమనిషి, ఆమె కడుపులో బిడ్డ బతకాలి. అంతే. అశ్వత్థామ అంతటివాడు ఆమెకి కాపలా. 2011లో తప్పిన గురి అక్కడ తగిలింది. తారక్ కూడా 2015లో ‘టెంపర్’తో మళ్ళీ కొట్టాడు. అందులో మహిమల్లేవు, త్రిశూలం లేదు. ఒక చెడ్డ పోలీసు తన తప్పు తాను తెలుసుకోవడం ఉంది.

ఒక్క సినిమా పోతే మనిషి పోడు. సంస్థ పోదు. మనం అబద్ధం చెప్పి కాపాడాల్సినంత బలహీనులు కాదు వాళ్ళు.

ఫ్యాన్ అంటే ఎవరు?

ఇక చివరి విషయం. ఇది మీ చేతిలో ఉన్న ఫోన్ గురించి.

2011లో నేను చెప్పిన అబద్ధం ఒక్క మామకి తగిలింది. మూడు ట్రేల పఫ్‌లతో పోయింది. ఇప్పుడు మీరు పొద్దున షో ఇంటర్వెల్‌లో ఒక రీల్ పెడితే మధ్యాహ్నానికి ఎంతమంది చూస్తారో మీకు తెలియదు. "బ్లాక్‌బస్టర్" అని పెడతారు. దాన్ని నమ్మి ఒక కూలీ తన రోజు కూలి పెట్టి పెళ్ళాం పిల్లల్ని తీసుకెళ్తాడు. నలుగురికి టికెట్లు, పాప్‌కార్న్, ఆటో ఖర్చు కలిపితే మిరప కోతలో ఎన్ని రోజుల కష్టమో మా వైపు వచ్చి అడగండి. అలాగే సినిమా చూడకుండానే వేరే హీరో మీద కోపంతో "డిజాస్టర్" అని పెడతారు. హాలు దగ్గర క్యాంటీనోడు, స్టాండోడు, పోస్టర్లు అంటించేవాడు, వీళ్ళ బతుకులు కూడా ఆ ఒక్క మాట మీద ఉంటాయి.

నేను ఇప్పుడు ఏ సినిమా చూసినా పోస్ట్ పెట్టే ముందు మూడు ప్రశ్నలు వేసుకుంటా. ఒకటి, హీరో ఎవరి కోసం పోరాడుతున్నాడో ఒక్క ముక్కలో చెప్పగలనా? రెండు, వాడు ఓడిపోతాడేమో అని ఒక్కసారైనా భయపడ్డానా? మూడు, ఇదే కథలో నాకు నచ్చని హీరో ఉన్నా నేను ఇదే మాట అంటానా? మూడోది చాలా కష్టమైన ప్రశ్న ఫ్రెండ్స్. ఆ ప్రశ్న వేసుకుంటే ‘శక్తి’ గురించి నేను ఆ రోజు ఆ మాట అనేవాడిని కాదు.

అభిమానం అంటే మొదటి రోజు కొబ్బరికాయ కొట్టడం. అది నేను ఇప్పటికీ కొడతా. కానీ బయటికొచ్చాక అడిగినవాడికి నిజం చెప్పడం కూడా అందులో భాగమే. మనం నిజం చెబితేనే కదా, నిజంగా మంచి సినిమా వచ్చిన రోజు మన మాటకి విలువ ఉండేది.

మామ స్టాండు వదిలేసి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఎకరంన్నర మిరప, ఇంటి ముందు రెండు గేదెలు. 2025 ఆగస్టు 14న ‘వార్ 2’ రిలీజ్. హృతిక్ రోషన్ పక్కన తారక్. నేను ఒంగోలు వెళ్ళి మొదటి ఆట చూశా. బయటికొచ్చి బండి తీస్తుంటే మామ ఫోను.

"ఏం అల్లుడూ, ఎట్టా ఉంది? రేపు మీ అత్తని తీసుకెళ్దామనుకుంటున్నా."

ఒక్క క్షణం గొంతులో పాత పఫ్ అడ్డం పడింది. చెప్పేశా: "తారక్ బానే చేశాడు మామా. సినిమా మాత్రం నాకు ఎక్కలేదు. అత్తకి అంత దూరం ప్రయాణం ఎందుకు?"

అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత నవ్వాడు. "అయితే ఓటీటీలో చూస్తాలే. ఈసారి పఫ్‌లు మిగల్లేదు కదరా!"

సరే ఫ్రెండ్స్, ఇదీ ‘శక్తి’ కథ, నా కథ. మీ హీరో సినిమా బాలేకపోయినా బాగుందని ఎవరికైనా చెప్పారా? ఎవరికి చెప్పారు, ఏమైంది? కింద రాయండి, నేను అన్నీ చదువుతా. వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. ఉంటా మరి.